కుడుకలు కొన్నవాళ్లందరూ

22 జనవరి 2012, ఆదివారం

ఈ డైరీ బాపుకు దారాల కంపెనీ వాళ్లు ఇచ్చారు. దర్జీకి కొలతలు రాసుకునే పుస్తకం వేరే ఉంటుంది కాబట్టి "నువ్వే రాసుకో బిడ్డా" అని నాకిచ్చాడు. ఇంట్లో చెప్పలేనివి ఏమైనా ఉంటే ఇందులో రాసుకోవచ్చు. చెప్పలేనివి ఏమీ లేవు. అయినా రాస్తాను.

నస్రుల్లాబాద్ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి మస్కట్‌లో స్టోర్ కీపర్. ఫొటోలో నీటుగా ఉన్నాడు. అమ్మ పొద్దుటి నుంచి "ఏమంటవే ప్రమోదా" అని వెంటపడుతోంది. ఇరవై ఏడు నిండిన దానికి ఏమైనా అనడానికి ఎంత చోటుంటుంది? నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరం ఉండటానికి కారణం కూడా లేదు. కారణం లేదని ఇంత గట్టిగా రాయాల్సిన అవసరమూ లేదు.

24 జనవరి, మంగళవారం

నిరుటి సమ్మెలో పోయిన పాఠాలన్నీ ఈ నెలలో లాగేయాలి. కామారెడ్డిలో మా కాలేజీలో తర్కశాస్త్రం తీసుకున్నది తొమ్మిది మంది. సగం మంది లెక్కలు తప్పించుకోవడానికి వచ్చి నాకు చిక్కారు. ఈరోజు మూడు పదాల పాఠం. పుస్తకంలో "మనుషులందరూ మరణిస్తారు" అని ఉంటుంది. పొద్దున్నే పిల్లల ముందు చావు మాట ఎందుకని బోర్డు మీద నా సొంతది రాశాను.

తీపి వస్తువులన్నిటికీ చీమలు పడతాయి.
కామారెడ్డి బెల్లం తీపి వస్తువు.
కాబట్టి కామారెడ్డి బెల్లానికి చీమలు పడతాయి.

దేని గురించి తేలుస్తున్నామో అది పక్షం. ఇక్కడ బెల్లం. దాని గురించి ఏం తేలుస్తున్నామో అది సాధ్యం. చీమలు పట్టడం. ఈ రెండింటినీ కలిపేది మధ్య పదం, అంటే తీపి. మధ్య పదం మొదటి రెండు వాక్యాల్లోనూ ఉంటుంది. పని అయిపోయాక చివరి వాక్యంలో కనిపించదు.

"సంబంధం కుదిర్చే మనిషి లాంటిది. ఇటు తిరుగుతాడు, అటు తిరుగుతాడు. లగ్నపత్రికలో పేరుండదు" అన్నాను.

వెనక బెంచీలోంచి సునీల లేచింది. "మా తండాల గట్ల కాదు మేడమ్. మధ్యల ఉన్నోడే అందరికంటె ముందుగాల తింటడు."

క్లాసంతా ఒకటే నవ్వు. నేను కూడా బోర్డు వైపు తిరిగి నవ్వాను. పరీక్షలో ఇలా రాయకండమ్మా అని మాత్రం చెప్పాను.

26 జనవరి

జెండా వందనానికి వెళ్లాను. ఎల్లారెడ్డి నుంచి పొద్దున ఏడున్నర బస్సులో కొత్త కండక్టర్ ఉన్నాడు. రోజూ వచ్చే దివాకర్‌కు ఈరోజు సెలవట. నేను అడగలేదు, డ్రైవర్ సక్రు తనంతట తానే చెప్పాడు. నాకేం.

30 జనవరి, సోమవారం

బస్సులో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. లింగంపేట దాటాక రద్దీ తగ్గింది. దివాకర్ వచ్చి ముందు సీటు కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు.

"ఏం పాఠం మేడమ్, గిన్ని ఎర్రగీతలు కొడ్తున్నరు?"

చెప్పాను. పక్షం, సాధ్యం, మధ్య పదం. బెల్లం, చీమలు, తీపి. అతను తలూపుతూ విన్నాడు. చాలామంది మర్యాదకు తలూపుతారు. ఇతను విని ఊపాడు.

"అయితే నేనొకటి చెప్త. బస్సెక్కినోళ్లందరు టికెట్ తీస్కోవాలె. మీరు బస్సెక్కిన్రు. గందుకని మీరు టికెట్ తీస్కోవాలె. కరెక్టేనా?"

నేను పర్సులోంచి నెల పాస్ తీసి చూపించాను.

ఒక్క క్షణం పాస్ వైపు చూశాడు, తర్వాత పడీపడీ నవ్వాడు. "మొదటి మాటనే తప్పు వడ్డది గద మేడమ్!"

తాడ్వాయి దాకా మళ్లీ మళ్లీ గుర్తొచ్చి నవ్వుతూనే ఉన్నాడు. సక్రు అద్దంలోంచి చూసి "ఏమైందన్నా, టికెట్లు కొట్టుడు మర్సిపోయినవా" అని అరిచాడు.

ఇది ఇంత పొడుగ్గా ఎందుకు రాశాను? పాఠానికి మంచి ఉదాహరణ అని.

5 ఫిబ్రవరి, ఆదివారం

నస్రుల్లాబాద్ వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. మంచివాళ్లే. అబ్బాయి వాళ్లమ్మ నా చేయి పట్టుకొని కూర్చుంది. నేను ఇష్టపడితే 26న, ఆదివారం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, చీర తీసుకొని వచ్చి ఖాయం చేసుకుంటామన్నారు.

వాళ్లు వెళ్లాక బాపు మిషను దగ్గర కూర్చొని సూదికి దారం ఎక్కిస్తూ అడిగాడు. "నీ మనసుల ఇంకేమన్న ఉంటె చెప్పు బిడ్డా. నేనేమనుకోను."

"ఏం లేదు బాపు."

దారం ఎక్కలేదు. నోట్లో తడి చేసుకొని మళ్లీ ఎక్కించాడు.

9 ఫిబ్రవరి, గురువారం

సాయంత్రం కామారెడ్డి బస్టాండు బయట దివాకర్ కనిపించాడు. ఖాకీ చొక్కా లేదు, తెల్ల చొక్కా. డ్యూటీ లేని రోజట.

"మేడమ్, ఒక్క నిమిషం. చీరల ముచ్చట నాకు ఎరుక లేదు. జెర మీరు చూసి చెప్పున్రి."

పక్కనే ఉన్న బట్టల దుకాణంలోకి తీసుకెళ్లాడు. రెండు చీరలు పక్కన పెట్టించి ఉంచాడు. ఒకటి వంకాయ రంగు, ఒకటి మామిడాకు పచ్చ, ఎర్ర అంచు. నేను పచ్చది ముట్టుకున్నాను. నాకైతే అదే కావాలి, అందుకే అదే చెప్పాను. ఎవరికని అడగలేదు. అడగడానికి నేనెవరిని?

దుకాణం వాడు చీర మడత పెడుతుండగా దివాకర్ చేతిలోని సంచి వైపు చూపు పోయింది. నిండా కుడుకలు. రెండు కిలోలు ఉంటాయి. పైన ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు.

ఖాయం చేసుకునేవాళ్లందరూ కుడుకలు కొంటారు.
దివాకర్ కుడుకలు కొన్నాడు.
కాబట్టి దివాకర్ ఖాయం చేసుకుంటున్నాడు.

పక్షం దివాకర్. సాధ్యం ఖాయం. మధ్య పదం కుడుకలు. అన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. ఎమ్మే చదివినందుకు ఇదొక్కటీ చక్కగా ఉపయోగపడింది.

సంతోషం. మంచివాడు, మంచి జరగాలి. నిజంగా సంతోషం.

10 ఫిబ్రవరి

సంతోషంగానే ఉంది.

11 ఫిబ్రవరి

రేపటి నుంచి ఆరు గంటల బస్సుకు వెళ్తాను. పరీక్షలు దగ్గర పడ్డాయి, ముందుగా వెళ్తే నాలుగు పేపర్లు దిద్దుకోవచ్చు. అమ్మ "రేపు ఆదివారం గదనే" అంది. అయితే ఎల్లుండి నుంచి వెళ్తాను.

13 ఫిబ్రవరి, సోమవారం

ఆరు గంటల బస్సులో విపరీతమైన చలి. కాలేజీ గేటు తీసేవాడు కూడా రాలేదు. గోడ మీద కూర్చొని పేపర్లు దిద్దాను. ఒకే పేపరుకు రెండుసార్లు మార్కులు వేశాను, రెండుసార్లూ వేరు వేరుగా.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. మస్కట్ వాళ్లకు సరే అనండి అని. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. అవ్వ మంచంలోంచి తల ఎత్తి "సరే అన్న పిల్ల మొఖం గిట్లుంటదా? నా పెండ్లప్పుడు నేను ఇల్లంత ఎగిరిన" అంది. అవ్వ పెళ్లినాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. ఎగరక ఏం చేస్తుంది?

బాపు నన్ను చూశాడు. అద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూశాడు.

17 ఫిబ్రవరి

పచ్చ చీర కట్టుకున్న ఆడవాళ్లు ఊళ్లో ఇంతమంది ఉన్నారని ఇన్నాళ్లూ గమనించలేదు.

22 ఫిబ్రవరి, బుధవారం

ఇది వివరంగా రాయాలి.

ఈరోజు దోషాల పాఠం తిరగేశాను. అవ్యాప్త మధ్యపద దోషం. పేరుకు భయపడి పిల్లలు ప్రతి ఏడాదీ ఆ ప్రశ్న వదిలేస్తారు. అందుకని తేలిక ఉదాహరణ రాశాను.

కాకులన్నీ నల్లగా ఉంటాయి.
మేడమ్ గొడుగు నల్లగా ఉంది.
కాబట్టి మేడమ్ గొడుగు కాకి.

అందరూ నవ్వారు. "ఎందుకు తప్పో చెప్పండి" అన్నాను. నేనే చెప్పాను. "కాకులన్నీ నల్లనివే. నల్లనివన్నీ కాకులు కావు. నలుపు రెండు చోట్లా ఉంది, కానీ నల్లనివన్నిటి గురించీ ఏ వాక్యమూ చెప్పలేదు. అలాంటి మధ్య పదం దేన్నీ దేనితోనూ కలపదు. అర్థమైందా? ఖాయం చేసుకునే వాళ్లందరూ..."

నోరు అక్కడే ఆగింది. సుద్దముక్క చేతిలోనే ఉంది.

ఖాయం చేసుకునేవాళ్లందరూ కుడుకలు కొంటారు. కుడుకలు కొన్నవాళ్లందరూ ఖాయం చేసుకోరు! పెళ్లైన ఆడబిడ్డకు పోసే ఒడిబియ్యానికి కుడుకలు కొంటారు. హోళీకి పిల్లల మెడలో వేయడానికి కొంటారు. కూరలో మసాలాకు కొంటారు. అవ్వ ఊరికే బెల్లంతో నంజుకోవడానికి కొనిపిస్తుంది. నాలుగేళ్లుగా పిల్లలకు ఏ తప్పుకు మార్కులు కోస్తున్నానో అదే తప్పు నా డైరీలో, నా చేతిరాతతో, మూడు వరుసల్లో నీటుగా రాసి పెట్టుకున్నాను.

నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేడమ్, ఏమైంది? గొడుగు గిట్ల ఎగిరిపోయిందా?" అని సునీల అడిగింది.

"ఎగిరిపోలేదు సునీలా, కాకి కాదని ఇప్పుడే తెలిసింది" అన్నాను.

అయితే న్యాయంగా మాట్లాడాలి. తప్పు దొరికినంత మాత్రాన అతనికి ఖాయం కాలేదని కాదు. నాకు తెలియదని మాత్రమే. తెలియకపోతే అడగాలి. ఆదివారం నస్రుల్లాబాద్ వాళ్లు వస్తారు. అంతకు ముందే అడగాలి.

అతని గురించి నాకెందుకు తెలియాలో ఇక రాయక తప్పదు. రాస్తున్నాను. దివాకర్ అంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. పాస్ చూపించిన రోజు నుంచి కాదు, అంతకు ముందు నుంచే.

23 ఫిబ్రవరి, గురువారం

ఏడున్నర బస్సెక్కాను. సక్రు ఉన్నాడు. దివాకర్ లేడు.

"డ్యూటీ మార్పిచ్చుకున్నడు మేడమ్. దోమకొండ బస్సుల తిరుగుతుండు."

"ఎందుకు?"

సక్రు స్టీరింగు మీద నుంచి నా వైపు వంగాడు. "నేను చెప్పిన్నని చెప్పకున్రి. మీరు మా బస్సెక్కుడు బంద్ చేస్తిరి. మస్కట్ సంబంధం ఖాయమైందని ఊరంత ముచ్చట. ఆ సీటు చూస్కుంట పనిచేసుడు నాతోని కాదన్నడు."

ఏ సీటు అని అడగలేదు. నేను కూర్చున్న సీటే.

24 ఫిబ్రవరి, శుక్రవారం

కాలేజీ అయ్యాక కామారెడ్డి బస్టాండులో దోమకొండ బస్సు ఎక్కాను. దోమకొండలో నాకు పని లేదు, చుట్టాలు లేరు. పక్క సీటులో ఒక ముసలామె ఒళ్లో గంప పెట్టుకొని కూర్చుంది.

దివాకర్ టికెట్లు కొడుతూ వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"దోమకొండ ఒకటి" అన్నాను. నా పాస్ ఈ దారికి పనికిరాదు.

"దోమకొండల మీకేం పని మేడమ్?"

"పనేం లేదు."

"మరి?"

పొద్దుటి నుంచి కూర్చుకున్న వాక్యాలన్నీ ఎటో పోయాయి. "ఆ రోజు కుడుకలు ఎవరికి కొన్నారు?" అని అడిగేశాను.

"ఏ కుడుకలు?"

"సంచిలోవి. చీర కొన్న రోజు."

"గవ్వా! మా చెల్లె ఒడిబియ్యానికి. ఐదేండ్లాయె పొయ్యక. అమ్మ రోజు యాది చేస్తుండె."

"చీర?"

"చీర గూడ చెల్లెకే. మీరు చెప్పిన రంగు దానికి మస్తు నచ్చింది."

గంప ముసలామె నా వైపు తిరిగింది. "ఒడిబియ్యంల కుడుకలు వెట్టక ఇంకేం వెడ్తరు బిడ్డా? గీ ముచ్చట గూడ నీకు ఎరుక లేదా?"

"ఎరుకే అవ్వా. ఎరుకుండి కూడా మర్చిపోయాను" అన్నాను. కళ్లలో నీళ్లొచ్చేంత నవ్వొచ్చింది. దివాకర్‌కు ఏమీ అర్థం కాలేదు. నా నవ్వు చూసి అతనూ నవ్వాడు, తర్వాత ఏదో గుర్తొచ్చి ఆపేశాడు.

"మీకు ఖాయమైందట గద."

"ఆదివారం వస్తున్నారు. నేను సరే అన్నాను."

"అట్లనా." చేతిలోని టికెట్ మిషను వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మీకు ఖాయమైందనుకొని అన్నాను."

బస్సు ఏదో స్టేజీలో ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు. దివాకర్ నన్నే చూస్తున్నాడు. ముందు నుంచి డ్రైవర్ "రైట్ చెప్పవేందన్నా, పండుకున్నవా" అని అరిచాడు. ఎవరో వెనక నుంచి వాళ్లే "రైట్ రైట్" అన్నారు.

"మా అమ్మను తీస్కొని మీ ఇంటికి రావచ్చునా?" అని చాలా మెల్లగా అడిగాడు.

నేను జవాబు చెప్పేలోగా ముసలామె అందుకుంది. "గా పిల్ల పని లేకున్న గింత దూరం వచ్చినంక గూడ అడుగుతవేంది కొడుకా!"

బస్సంతా విన్నది. సిగ్గుతో చచ్చిపోయాను. ఎంత బాగుందో!

"ముందు నేను ఇంట్లో చెప్పాలి. ఆ తర్వాత రండి" అన్నాను.

దోమకొండ టికెట్ ఇక్కడ అతికించాను.

25 ఫిబ్రవరి, శనివారం

పొద్దున్నే బాపు దుకాణం తీయకముందే చెప్పాను. అమ్మ మొదటి ప్రశ్న "ఎవలోళ్లు?" అని. మనవాళ్లు కాదని చెప్పాను. రెండో ప్రశ్న "ఎమ్మే సదివి కండక్టరా?" అని. దానికి జవాబు అవ్వ దగ్గర ఉంది. "దవాఖానకు పోయిననాడు నాకు సీటు ఇప్పిచ్చింది గా పిలగాడే. మంచిగున్నడు" అంది. అమ్మ వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

బాపు మిషను చక్రం మీద చేయి ఆనించాడు.

"కొలత తప్పిన జాకెట్ తొడుక్కొని గూడ 'మంచిగుంది దర్జీ' అంటరు కొందరు, మొఖమాటానికి. నువ్వు సరే అన్ననాడు నీ మొఖం గట్లనే ఉండె" అన్నాడు. "పిలగాని గురించి నాలుగు దిక్కుల అడుగుత. గదైనంకనే మాట. ముందుగాల గా నస్రుల్లాబాద్ పోవాలె. ఫోన్ల చెప్పెడి ముచ్చట కాదు."

బాపూ, నిన్నెంత కష్టపెట్టాను. అయినా ఏడవకుండా ఉండలేనంత సంతోషంగా ఉంది.

సాయంత్రం తిరిగొచ్చాడు. "తిట్టిన్రా?" అని అవ్వ అడిగింది. "తిట్టిన్రు. తిట్టి చాయ్ తాగిపిచ్చి పంపిన్రు. మంచోళ్లు" అన్నాడు బాపు. వాళ్లమ్మ నా చేయి పట్టుకొని కూర్చున్నది గుర్తొచ్చింది. ఆ అబ్బాయికి మంచి పిల్ల దొరకాలి. ఈ మాట నిజంగానే రాస్తున్నాను.

29 ఫిబ్రవరి

అమ్మ అన్నం పెడుతుంది, మాట్లాడదు.

2 మార్చి

అన్నం, మౌనం. ఈరోజు పప్పులో ఉప్పు కూడా లేదు.

4 మార్చి, ఆదివారం

బాపు నాలుగు దిక్కులా అడిగి వచ్చాడు. ఏం విన్నాడో నాకు చెప్పలేదు. అమ్మకు చెప్పాడు. నేను బట్టలు ఆరేస్తుంటే అమ్మ వెనక వచ్చి నిలబడింది.

"వాళ్లమ్మ పేరేంది?"

"నాగవ్వ అట."

"గామెకు మన తీరు ఎరుకో లేదో. కుడుకలు ఐదుకు తక్కువ తెస్తే మర్యాద కాదని చెప్పు."

తడి దుప్పటితో సహా అమ్మను పట్టుకున్నాను. "ఇడువే, సల్లగైతున్న!" అని అరిచింది. విడిపించుకోలేదు.

8 మార్చి, గురువారం, హోళీ

వీధిలో పిల్లల మెడల్లో చక్కెర పేర్ల దండలు, కుడుకలు. అందరి మొహాలూ రంగులే. ఆ రంగుల మధ్య నుంచి వాళ్లు నడిచి వచ్చారు. నాగవ్వ, దివాకర్, అతని చెల్లెలు. చెల్లెలు మామిడాకు పచ్చ చీర కట్టుకుంది. గుమ్మంలోనే నా చెవిలో "నీ చీర నేను కట్టిన వదినా" అంది. వెనకాల సక్రు కూడా వచ్చాడు, తెల్ల ధోవతి కట్టుకొని.

నాగవ్వ పళ్లెం ముందు పెట్టింది. చీర, ఖర్జూరాలు, పోకలు, కుడుకలు. ఐదు కాదు, పళ్లెం నిండా.

నేను అందరి ముందూ అడిగాను. "ఈ కుడుకలు దేనికి?"

అమ్మ నెత్తి మీద చేయి పెట్టుకుంది. "గీ పిల్లకు సదువు ఎక్కువైంది వదినా, ఏమనుకోకు."

"దేనికేంది బిడ్డా! నిన్ను మా ఇంటికి తీస్కపోవుటానికి" అంది నాగవ్వ.

దివాకర్ ఒక్కడికే అర్థమైంది. తల వంచుకొని భుజాలు ఊగేలా నవ్వాడు. నాకు ముందే తెలుసు. అయినా ఈసారి అడిగి తెలుసుకున్నాను.

భోజనాలకు విస్తళ్లు వేశారు. ఎవరు ముందు కూర్చోవాలని పెద్దవాళ్లు ఒకరినొకరు బతిమాలుకుంటున్నారు. నేను భక్ష్యాల్లోకి నేతి గిన్నె పట్టుకొని వచ్చేసరికి అప్పటికే ఒకాయన గోడవారన చక్కగా మఠం వేసుకొని తింటున్నాడు. సక్రు.

"నేను చెప్పకుంటె మీరు దోమకొండ బస్సెక్కుతుంటిరా మేడమ్? జెర నెయ్యి ఎక్కువెయ్యున్రి" అన్నాడు.

పరీక్షలయ్యాక సునీలకు చెప్పాలి. పుస్తకంలో ఉన్నది తప్పు, తనదే సరి. మధ్య పదం చివరిదాకా కనిపించింది, మూడో భక్ష్యం కూడా అడిగి వేయించుకుంది.